ఉమ్మడి డిస్కు: ఫైల్ సర్వరును నేను అమర్చే వరుస

సర్వరులో నాలుగు టెరాబైట్ల డిస్కు ఉంది. అందులో సగం కూడా నిండలేదు. అయినా సోమవారం ఉదయానికి సర్వరు జాగా లేదని మొండికేసింది. శుక్రవారం సాయంత్రం గది ఊడుస్తూ ఎవరో పెట్టెను పక్కకు జరిపారు. డిస్కుకు వెళ్ళే సాటా కేబులు వదులైంది. తిరిగి ఆన్ చేసినప్పుడు డిస్కు లేదు, కానీ దాన్ని తగిలించే ఫోల్డరు మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. సర్వరు ఏ మొహమాటమూ లేకుండా ఆ ఖాళీ ఫోల్డరునే అందరికీ పంచింది. సెలవు రోజుల్లో మనుషులు లేరు గానీ, రాత్రిపూట తమంతట తాము బ్యాకప్ తీసే కంప్యూటర్లు ఆరు ఉన్నాయి. అవి రెండు రాత్రులు రాసిందంతా 120 గిగాబైట్ల సిస్టమ్ డిస్కులోకి చేరి, దాన్ని పీకల దాకా నింపింది.

కేబులు బిగించి డిస్కును మౌంట్ చేశాను, అంటే దాని ఫోల్డరుకు తగిలించాను. పాత ఫైళ్ళన్నీ వచ్చాయి, ఆ రెండు రాత్రుల బ్యాకప్‌లు మాయమయ్యాయి. సిస్టమ్ డిస్కు మాత్రం నిండుగానే ఉంది. అందులో ఏం నిండిందో వెతికితే ఎక్కడా కనిపించదు. నాకు సగం రోజు పట్టింది అర్థం కావడానికి: ఆ ఫైళ్ళు ఫోల్డరులోనే ఉన్నాయి, దాని మీద డిస్కు పరుచుకుంది. చాప కింద పడ్డ నాణెం లాంటి వ్యవహారం. చాప ఎత్తితే తప్ప కనబడదు.

తప్పు కేబులుది కాదు, నాదే. స్టోరేజీని నెట్‌వర్కులో పంచడం పది నిమిషాల పని కాబట్టి నేను దానికి పది నిమిషాలే ఇచ్చాను. డిస్కు లేనప్పుడు సర్వరు ఏం చేయాలి? ఒకరు రాసిన ఫైలును మరొకరు దిద్దవచ్చా? కాదనాల్సినవాళ్ళను ఏ గుమ్మం దగ్గర ఆపాలి? వీటికి ముందుగా జవాబు అనుకోలేదు. ఇప్పుడు నేను పాటించే వరుసంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

నేను వాడేది డెబియన్ లినక్స్. ఉబుంటులో ఇదంతా దాదాపు ఇలాగే ఉంటుంది, ఫెడోరా కుటుంబంలో కొన్ని ప్యాకేజీల పేర్లు మారతాయి. ఆదేశాలనూ ఫైళ్ళ పేర్లనూ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి. ‘ఉమ్మడి’, ‘జట్టు’ అని నేను పెట్టిన పేర్లు కూడా అంతే.

ముందు కేబులు, ఆ తర్వాతే సర్వరు

పెద్ద యంత్రం అక్కర్లేదు. పదేళ్ళ నాటి డెస్క్‌టాప్ అయినా ఒక చిన్న కార్యాలయానికి హాయిగా ఫైళ్ళు అందిస్తుంది. గిగాబిట్ లైను సెకనుకు 1000 మెగాబిట్లు, అంటే లెక్కకు 125 మెగాబైట్లు. చేతికి వచ్చేది 110 చుట్టూ ఉంటుంది. మామూలుగా తిరిగే హార్డ్ డిస్కు కూడా పెద్ద ఫైలును అంతకంటే వేగంగానే చదువుతుంది. కాబట్టి ఇరుకు దారి సాధారణంగా లైనే, డిస్కు కాదు.

ఫైలు కాపీ వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే ఫైళ్ళు పంచే సాంబా సాఫ్ట్‌వేరు సెట్టింగులు తవ్వకండి. అది 100 మెగాబిట్ల లైను సంతకం. కేబులులో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా లింకు చప్పుడు చేయకుండా తక్కువ వేగానికి దిగిపోతుంది. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. ‘ఈథ్‌టూల్’ ఆదేశం ఇస్తే లింకు ఏ వేగంలో కుదిరిందో చెప్పేస్తుంది. రెండు చివర్ల మధ్య ‘ఐపెర్ఫ్3’ నడిపితే ఆరోగ్యంగా ఉన్న గిగాబిట్ లైను 940 మెగాబిట్ల దగ్గర నిలబడుతుంది. ఈ పరీక్ష ముందే చేసి ఆ అంకెను ఒక కాగితం మీద రాసి ఉంచుతాను. ఆరు నెలల తర్వాత ఎవరైనా నెమ్మదిగా ఉందని ఫిర్యాదు చేసినప్పుడు పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.

సర్వరుకు మారని చిరునామా కావాలి. రౌటరులో దాని పేరిట ఒక ఐపీ అడ్రసు కేటాయించేస్తే సరిపోతుంది. నేను 192.168.1.50 ఇచ్చాననుకుందాం.

డిస్కు, దాని కింద ఖాళీ ఫోల్డరు

పంచే డిస్కు వేరు, సిస్టమ్ ఉండే డిస్కు వేరు. ఈ నియమం నేను ఎక్కడా సడలించను. ఉమ్మడి స్థలం ఎప్పుడో ఒకప్పుడు నిండుతుంది. నిండినప్పుడు సర్వరు కూడా దానితో పాటు కూలకూడదు.

కొత్త డిస్కుకు ఒకే పార్టిషన్, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. ఇక్కడ ఒక చిన్న లాభం ఉంది. ఈఎక్స్‌టీ4 అడగకుండానే ఐదు శాతం స్థలాన్ని రూట్ అనే సర్వాధికార ఖాతా కోసం దాచిపెడుతుంది. సిస్టమ్ డిస్కుకు అది మంచిదే. నాలుగు టెరాబైట్ల డేటా డిస్కులో మాత్రం అది 200 గిగాబైట్లు. ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’ ఆదేశంతో దాన్ని ఒక శాతానికి దించుతాను. ఇది చేశాక కూడా నాలుగు టెరాబైట్లు 3.6గా కనబడితే కంగారు పడకండి. డిస్కు తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, సిస్టమ్ 1024తో లెక్కపెడుతుంది.

ఇప్పుడు డిస్కును శాశ్వతంగా తగిలించాలి. ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ లాంటి పేర్లను నమ్మవద్దు. ఇంకో డిస్కు పెట్టిన రోజున అవి తారుమారవుతాయి. ‘బీఎల్‌కేఐడీ’ ఇచ్చి డిస్కు యూయూఐడీ, అంటే మారని గుర్తింపు సంఖ్య తీసుకుని, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ‘ఎఫ్‌స్టాబ్’ ఫైలులో దాన్నే రాయాలి. ఆప్షన్లలో ‘నోఫెయిల్’ చేర్చాలి. అది లేకపోతే, డిస్కు దొరకని రోజున సర్వరు ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి అత్యవసర మోడ్‌లో ఆగిపోతుంది. మానిటరు, కీబోర్డు లేకుండా మూలన పెట్టిన పెట్టెకు అంతకంటే చికాకు లేదు. దూరం నుంచి లాగిన్ కూడా కాలేం.

కానీ నా సోమవారానికి కారణం కూడా ఈ నోఫెయిలే. డిస్కు లేకపోయినా పైకి లెమ్మని నేనే చెప్పాను, అది లేచింది. అందుకే నోఫెయిల్ రాసిన చోటల్లా రెండు కాపలాలు పెట్టాలి.

మొదటిది. డిస్కును తగిలించే ఫోల్డరు ‘/ఎస్‌ఆర్‌వీ/డిస్కు’ అనుకోండి. డిస్కు తగిలించక ముందే, ఆ ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడే, ‘చాటర్ +ఐ’ ఆదేశంతో దాన్ని బిగించేయాలి. ఇక ఆ ఖాళీ ఫోల్డరులో రూట్ కూడా ఒక్క ఫైలు సృష్టించలేదు. పైన డిస్కు మౌంట్ కావడానికి మాత్రం అడ్డేమీ ఉండదు. వరుస తప్పి, డిస్కు మౌంట్ అయ్యాక ఈ ఆదేశం ఇస్తే బిగుసుకునేది డిస్కులోని పై ఫోల్డరు. మీకు కావలసింది అది కాదు.

రెండోది ఇంకా తేలిక, నాకు ఇంకా ఇష్టం. డిస్కు మౌంట్ అయ్యే ఫోల్డరును ఎన్నడూ పంచకూడదు. డిస్కు లోపల ఇంకో ఫోల్డరు చేసి దాన్ని పంచాలి. అంటే ‘/ఎస్‌ఆర్‌వీ/డిస్కు’ కాదు, ‘/ఎస్‌ఆర్‌వీ/డిస్కు/ఉమ్మడి’. ‘ఉమ్మడి’ డిస్కు మీద ఉంది కాబట్టి డిస్కు లేని రోజున అదీ ఉండదు. లేని ఫోల్డరును సర్వరు పంచలేదు. సాఫ్ట్‌వేరు ఏదైనా, వెర్షను ఏదైనా ఈ ఒక్క మెట్టు పనిచేస్తుంది.

ఇప్పటికే నాలాగా ఇరుక్కున్నవాళ్ళు చాప ఎత్తడానికి డిస్కును విప్పనక్కర్లేదు. సిస్టమ్ మూల ఫోల్డరును (/) ‘/ఎంఎన్‌టీ’ మీదికి ‘బైండ్’ పద్ధతిలో మౌంట్ చేయండి. ఆ దారిలో వెళ్తే డిస్కు కింద దాగిన ఫైళ్ళు కనబడతాయి.

ఫైలు ఎవరిది?

అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను. రోజూ వినే ఫిర్యాదు ఒకటే: ఆయన పెట్టిన ఫైలు తెరుచుకుంటోంది గానీ దిద్దనివ్వడం లేదు.

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గ్రూపు ఉంటాయి. నేను ఫైలు రాస్తే యజమాని నేను, గ్రూపు కూడా నా పేరిట ఉన్న సొంత గ్రూపే. పక్క కుర్చీలో ఉన్న మనిషి ఆ గ్రూపులో లేడు. ఫోల్డరు అందరిదీ అయినా, అందులో పుట్టే ప్రతి ఫైలూ ఎవరో ఒకరి సొంతమే అవుతుంది. దీన్ని అడ్డుకోవడానికి చాలామంది అనుమతులన్నీ తెరిచేసి 777 కొట్టేస్తారు. అది తాళం పోయిందని తలుపు ఊడబెరకడం. పైగా ఫలితం కూడా ఉండదు, రేపు పుట్టే ఫైలు మళ్ళీ పాత పద్ధతిలోనే పుడుతుంది.

సరైన దారి: ‘జట్టు’ అనే గ్రూపు చేసి, ఉమ్మడి ఫోల్డరు వాడేవాళ్ళందరినీ అందులో చేర్చండి. ఫోల్డరు గ్రూపును ‘జట్టు’గా మార్చి, అనుమతులు 2770 ఇవ్వండి. 770 అంటే యజమానికీ గ్రూపుకూ అన్నీ, బయటివాళ్ళకు ఏమీ లేదు. ముందున్న ఆ 2 విలువైనది. దాని పేరు సెట్‌జీఐడీ. ఆ బిట్ ఉన్న ఫోల్డరులో పుట్టే ప్రతి ఫైలుకూ రాసినవాడి సొంత గ్రూపు బదులు ఫోల్డరు గ్రూపు వస్తుంది. కొత్త ఉపఫోల్డర్లకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది. ‘ఎల్‌ఎస్ -ఎల్’ కొడితే గ్రూపు అనుమతుల్లో మూడో అక్షరం ‘ఎక్స్’ బదులు ‘ఎస్’గా కనబడాలి. పెద్ద ‘ఎస్’ కనబడితే గ్రూపుకు లోపలికి వెళ్ళే అనుమతి ఇవ్వడం మరిచారని అర్థం.

కొత్తగా గ్రూపులో చేర్చిన మనిషి అప్పటికే లాగిన్ అయి ఉంటే, బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయ్యేదాకా ఆ చేరిక లెక్కలోకి రాదు. దీన్ని మరిచిపోయి అనుమతులతో గంటసేపు కుస్తీ పట్టడం నేను ఒకటికి రెండుసార్లు చేశాను.

విండోస్ ఉంటే సాంబా

పంచే పద్ధతులు ప్రధానంగా రెండు. విండోస్ భాష అయిన ఎస్‌ఎంబీని లినక్స్‌లో మాట్లాడేది సాంబా. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ యూనిక్స్ కుటుంబానికి చెందింది. జట్టులో ఒక్క విండోస్ యంత్రం ఉన్నా నేను సాంబా వైపే వెళ్తాను. ఆపిల్ కంప్యూటర్లు కూడా 2013 నుంచి ఎస్‌ఎంబీనే మొదటి భాషగా వాడుతున్నాయి. (సాంబా పేరుకు నృత్యంతో పని లేదు. దాన్ని రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరుసలో ఉన్న మాటల కోసం యూనిక్స్ పదాల జాబితాలో వెతికితే దొరికిన వాటిలో అదొకటి.)

ప్యాకేజీ ఎక్కించాక ‘ఎస్‌ఎంబీ.కాన్ఫ్’ ఫైలు చివర నేను చేర్చేది ఇంతే:

[ఉమ్మడి]
పాత్ = /ఎస్‌ఆర్‌వీ/డిస్కు/ఉమ్మడి
వ్యాలిడ్ యూజర్స్ = @జట్టు
రీడ్ ఓన్లీ = నో
క్రియేట్ మాస్క్ = 0660
డైరెక్టరీ మాస్క్ = 2770

మూడో వరుస లేకపోతే సర్వరులో ఖాతా ఉన్న ఎవరైనా ఈ తలుపు తట్టవచ్చు. నాలుగోది లేకపోతే సాంబా చదవనిస్తుంది, రాయనివ్వదు. దాని సహజ స్వభావం అది. చివరి రెండూ ఇందాకటి గ్రూపు కథకు కొనసాగింపు. సాంబా సొంత అలవాటు 0744, అంటే గ్రూపుకు చదివే హక్కు మాత్రమే. ఫోల్డరు అనుమతులు ఎంత శ్రద్ధగా పెట్టినా, విండోస్ నుంచి వచ్చిన ఫైలుకు గ్రూపు రాసే హక్కు ఈ మాస్కు దగ్గరే ఊడిపోతుంది. 0660 పెట్టాక ఆ ఫిర్యాదు నాకు మళ్ళీ వినబడలేదు.

ఫైలు దాచాక ‘టెస్ట్‌పార్మ్’ నడపండి. తప్పు స్పెల్లింగులను పట్టిచ్చేస్తుంది. సర్వీసును ఆ తర్వాతే రీలోడ్ చేయండి.

సాంబాకు సంకేతపదాల పుస్తకం వేరే ఉంటుంది. లినక్స్‌లో ఖాతా చేసినంత మాత్రాన సాంబాలోకి రానివ్వదు. ముందు లినక్స్ ఖాతా ఉండాలి, దానికి లాగిన్ షెల్ అక్కర్లేదు, ‘నోలాగిన్’ ఇస్తే మంచిది. తర్వాత ‘ఎస్‌ఎంబీపాస్‌వర్డ్ -ఏ’ ఇచ్చి విడిగా సంకేతపదం పెట్టాలి. ఈ ఆదేశంలో ‘పాస్‌వర్డ్’ అన్న చోట లినక్స్ అలవాటు ప్రకారం కుదించిన మాట, ‘పీఏఎస్‌ఎస్‌డబ్ల్యూడీ’ అని టైపు చేయాలి. సంకేతపదం లేని అతిథి ప్రవేశం జోలికి నేను వెళ్ళను. కొత్త విండోస్‌లు చాలావరకు దాన్ని ఎలాగూ ఒప్పుకోవు.

విండోస్ వైపు అడ్రసు పట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు, సర్వరు ఐపీ, ఇంకో గీత, ఉమ్మడి. ఇక్కడ ఒక వింత ఎదురవుతుంది. ఒకసారి తప్పు పేరుతో లోపలికి వెళ్ళి, తర్వాత సరైన పేరు ఇస్తే 1219 నంబరు లోపం వస్తుంది. ఒకే సర్వరుకు ఒకే మనిషి రెండు పేర్లతో వెళ్ళడాన్ని విండోస్ ఒప్పుకోదు. ‘నెట్ యూజ్’ ఆదేశంతో పాత కనెక్షన్లన్నీ తెంచేస్తే దారి తెరుచుకుంటుంది. నేనయితే మొదటిసారి అరగంట సర్వరులో వెతికాను. తప్పు అక్కడ లేనే లేదు.

పాత యంత్రమేదో కలవడం లేదని ఎస్‌ఎంబీ మొదటి వెర్షనును తిరిగి తెరవమని సలహాలు దొరుకుతాయి. వద్దు. 2017 మేలో ప్రపంచాన్ని చుట్టేసిన వానాక్రై అనే దోపిడీ సాఫ్ట్‌వేరు ఆ పాత వెర్షనులోని రంధ్రం గుండానే పాకింది. సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని మూసే ఉంచుతోంది.

అన్నీ లినక్స్ అయితే ఎన్‌ఎఫ్‌ఎస్

డెబియన్‌లో ‘ఎన్‌ఎఫ్‌ఎస్-కెర్నెల్-సర్వర్’ ప్యాకేజీ. ఏం పంచాలో ఈటీసీలోని ‘ఎక్స్‌పోర్ట్స్’ ఫైలులో ఒక్క వరుస:

/ఎస్‌ఆర్‌వీ/డిస్కు/ఉమ్మడి 192.168.1.0/24(ఆర్‌డబ్ల్యూ,సింక్,ఎంపీ=/ఎస్‌ఆర్‌వీ/డిస్కు)

ఈ వరుసను కళ్ళు దగ్గర పెట్టి చూడండి. 192.168.1.0/24 అంటే మన నెట్‌వర్కు మొత్తం. ఆ 24కూ బ్రాకెట్టుకూ మధ్య ఖాళీ లేదు. అక్కడ స్పేస్ బార్ ఒక్కసారి తగిలితే అర్థం తలకిందులవుతుంది. మీ నెట్‌వర్కుకు చదివే హక్కే దక్కుతుంది. బ్రాకెట్టులో ఉన్న రాసే హక్కు మాత్రం ప్రపంచంలో ఎవరికైనా వర్తిస్తుంది. మహా అయితే ఒక హెచ్చరిక వస్తుంది గానీ ఆ వరుసను ఎవరూ తోసిపుచ్చరు, వ్యాకరణం ప్రకారం అది సరైన వరుసే. అందుకే ‘ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -ఆర్‌ఏ’ ఇచ్చి కొత్త జాబితా ఎక్కించాక, ‘ఎక్స్‌పోర్ట్‌ఎఫ్‌ఎస్ -వీ’ ఇచ్చి సర్వరుకు ఏం అర్థమైందో చదువుతాను. అందులో ‘వరల్డ్’ అన్న మాట కనబడితే చేతులు ఆగాలి.

చివరి ‘ఎంపీ’ నా సోమవారం నేర్పిన ఆప్షను. ఫలానా చోట డిస్కు నిజంగా మౌంట్ అయి ఉంటేనే పంచు అని దాని అర్థం. ఇంత పనికొచ్చే మాట మాన్యువల్‌లో ఎప్పటినుంచో ఉంది, నేనే అంతదాకా చదవలేదు.

‘సింక్’ అంటే డిస్కు మీద రాశాకే రాశానని చెప్పడం. ‘ఎసింక్’ పెడితే వేగం పెరుగుతుంది, కరెంటు పోయిన రోజున సర్వరు చెప్పిన అబద్ధాలన్నీ బయటపడతాయి. నేను ఎసింక్ వాడను. ‘నో రూట్ స్క్వాష్’ కూడా వాడను. మామూలుగా క్లయింటు యంత్రంలోని, అంటే సర్వరును వాడుకునే యంత్రంలోని రూట్, సర్వరు దగ్గరికి వచ్చేసరికి 65534 నంబరు గల అనామకుడిగా మారిపోతుంది. ఆ రక్షణ తీసేస్తే, ఏదో ఒక ల్యాప్‌టాప్‌లో రూట్ దొరికిన మనిషికి మీ డిస్కు మీదా రూట్ దొరికినట్టే.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో అందరూ జారిపడే చోటు ఇంకొకటి ఉంది. మామూలు అమరికలో అది మనుషులను పేర్లతో కాదు, నంబర్లతో గుర్తుపడుతుంది. డెబియన్‌లో మొదట చేసిన ఖాతాకు 1000 నంబరు వస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో నేను 1000, నా సహోద్యోగి ల్యాప్‌టాప్‌లో ఆమె 1000. ఒకరోజు ఆమె ఫైళ్ళన్నీ నావిగా కనబడ్డాయి, నావి ఆమె తీసేయగలిగింది. సర్వరు దృష్టిలో మేమిద్దరం ఒకే మనిషి. ‘ఎల్‌ఎస్ -ఎల్‌ఎన్’ కొట్టి పేర్ల బదులు అంకెలు చూస్తే గుట్టు బయటపడుతుంది. మందు ఒక్కటే: ప్రతి మనిషికీ అన్ని యంత్రాల్లోనూ ఒకే నంబరు. ‘జట్టు’ గ్రూపు నంబరు కూడా అన్నిచోట్లా ఒకటే ఉండాలి. నేను మనుషులకు 2001 నుంచి, గ్రూపుకు 3000 ఇస్తాను. క్లయింట్ల యూమాస్క్ (కొత్త ఫైలుకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే అంకె) 002 ఉండేలా కూడా చూడాలి. 022 ఉంటే కొత్త ఫైలుకు గ్రూపు రాసే హక్కు రాదు, మళ్ళీ మొదటికే వస్తాం.

క్లయింటు వైపు ‘హార్డ్’ మౌంటే ఉంచండి, అది సహజంగా వచ్చేదే. సర్వరు పడిపోతే ప్రోగ్రాములు కదలకుండా ఆగి, అది లేచాక కొనసాగుతాయి. ఆ నిరీక్షణ భరించలేక ‘సాఫ్ట్’ పెడితే మధ్యలో ఆగిన రాత సగం ఫైలుగా మిగిలిపోవచ్చు. ల్యాప్‌టాప్‌లకు ఎఫ్‌స్టాబ్‌లో సిస్టమ్‌డీ ఆటోమౌంట్ ఆప్షను చేరిస్తే, ఫోల్డరు తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది. ఇంటికి తీసుకెళ్ళిన ల్యాప్‌టాప్ ఆన్ అవుతూ సర్వరు కోసం వెతుక్కోదు.

ఒకే ఫోల్డరును సాంబాతోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనూ పంచవచ్చా? వీలవుతుంది. ఇద్దరు ఒకే ఫైలును రెండు దారుల్లో తెరిచినప్పుడు తాళాల లెక్క కుదరకపోవచ్చు. రాసే హక్కు ఒక దారికే ఇచ్చి, రెండోదాన్ని చదవడానికి మాత్రమే ఉంచుతాను.

మూడు గుమ్మాలు

సాంబాకు 445 పోర్టు, ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షనుకు 2049 పోర్టు చాలు. మూడో వెర్షనుకు 111 తో పాటు ఇంకొన్ని కావాలి, ఆ తలనొప్పి ఎందుకని నేను నాలుగే వాడతాను. ‘యూఎఫ్‌డబ్ల్యూ’ ఫైర్‌వాల్‌లో ఈ రెండింటినీ 192.168.1.0/24కు మాత్రమే తెరవండి. దాన్ని ఆన్ చేసే ముందు మీరు లాగిన్ అయ్యే 22 తెరిచారో లేదో చూసుకోండి. అది మరిచి మానిటరును మూడో అంతస్తుకు మోసినదాన్ని నేను. ఈ పోర్టులను రౌటరులో ఇంటర్నెట్ వైపు ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకూడదు. బయటి నుంచి కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ గుండా రండి.

ఇప్పుడు ఫైలు దాకా వెళ్ళాలంటే మూడు గుమ్మాలు దాటాలి: ఫైర్‌వాల్, పంచే సర్వీసు, డిస్కు మీది అనుమతులు. ఏదైనా పనిచేయనప్పుడు ఏ గుమ్మం దగ్గర ఆగిందో దాని మాటను బట్టే తెలుస్తుంది. ఎంతసేపటికీ జవాబు రాక చివరికి ‘టైమ్ అవుట్’ అంటే ఫైర్‌వాల్ మింగేసింది, లేదా ఐపీ తప్పు. అడిగిన వెంటనే కనెక్షన్ ‘రెఫ్యూజ్డ్’ అంటే యంత్రం దొరికింది గానీ లోపల సర్వీసు నడవడం లేదు. మౌంట్ చేసే దశలోనే ‘యాక్సెస్ డినైడ్’ వస్తే ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో మీ చిరునామా లేదు. లోపలికి వెళ్ళాక ఫైలు దగ్గర ‘పర్మిషన్ డినైడ్’ వస్తే పంచే సర్వీసు సెట్టింగుల జోలికి వెళ్ళకండి, యజమాని, గ్రూపు చూడండి. ఎన్‌ఎఫ్‌ఎస్ ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ అంటే మీరు పట్టుకున్న ఫోల్డరు వెనక డిస్కు మారిపోయింది. క్లయింటులో అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేయాలి. నేను ఎక్కువ కాలం వృథా చేసింది మూడో గుమ్మం సమస్యకు రెండో గుమ్మం దగ్గర మందు వేస్తూనే.

తెలుగు పేర్లున్న ఫైళ్ళు

ఇది మన లిపి లాంటివాటికి ఎదురయ్యే సమస్య. విండోస్ డిస్కులో నిక్షేపంగా ఉన్న ఒక ఫైలు సర్వరుకు కాపీ కాదు, పేరు పొడుగైందంటుంది. చూస్తే ఒక వరుస మాత్రమే ఉంటుంది. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుకు 255 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది. ఈఎక్స్‌టీ4 ఒప్పుకునేది 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు సంకేతం మూడు బైట్లు. పైగా గుణింతం, పొల్లు, ఒత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘క్షే’ మనకు ఒక అక్షరం. యంత్రానికి అది క, పొల్లు, ష, ఏత్వం, అంటే 12 బైట్లు. మొత్తం 85 సంకేతాలు దాటితే కథ ముగిసినట్టే. ‘కార్యవర్గ సమావేశపు తీర్మానాల ముసాయిదా’ లాంటి పేర్లకు తేదీ, ‘సవరించినది’, ‘తుది ప్రతి’ తగిలించే అలవాటున్న చోట ఇది త్వరగానే వస్తుంది. సర్వరులో సెట్టింగు ఏదీ దీన్ని మార్చదు, పేరే కుదించాలి.

చెరిపేసిన ఫైలు

నెట్‌వర్కులో చెరిపిన ఫైలు విండోస్ చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. సాంబాలో ‘వీఎఫ్‌ఎస్ ఆబ్జెక్ట్స్ = రీసైకిల్’ అని చేరిస్తే ఫోల్డరు లోపలే ఒక దాగిన బుట్ట ఏర్పడి అందులోకి చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేసే పనిని, వేళకు పనులు నడిపే క్రాన్‌కు అప్పగించకపోతే ఆ బుట్టే డిస్కును తినేస్తుంది. నా బుట్ట ఒకసారి 300 గిగాబైట్లకు చేరింది. ఎన్‌ఎఫ్‌ఎస్ గుండా చెరిపినవి ఈ బుట్టలోకి రావు.

బ్యాకప్ వేరే సంగతి. రెండు డిస్కులను, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసే రెయిడ్ 1 పద్ధతిలో జతచేస్తే ఒకటి చెడినా పని ఆగదు, అంతే. పొరపాటున చెరిపింది రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. బ్యాకప్ తీయని వేళల్లో విప్పి పక్కన పెట్టే డిస్కు ఒకటి ఉండాలి.

కేబులు ఊడదీసి చూడటం

అన్నీ అమర్చాక నాకు ఇంకో అరగంట పని ఉంటుంది. సర్వరును ఆపి, డేటా డిస్కు కేబులును నేనే ఊడదీసి, ఆన్ చేస్తాను. అది లేచి నా లాగిన్‌ను ఒప్పుకోవాలి, అది నోఫెయిల్ పని. విండోస్ నుంచి ఉమ్మడి తెరవబోతే దొరకలేదనాలి. లినక్స్ నుంచి మౌంట్ చేయబోతే కాదనాలి. సర్వరులో రూట్‌గా ఆ ఖాళీ ఫోల్డరులో ఒక ఫైలు సృష్టించబోతే అనుమతి లేదనాలి. నాలుగూ అలాగే జరిగితే మళ్ళీ ఆపి కేబులు బిగిస్తాను. ఈసారి ఉమ్మడి తెరుచుకోవాలి, విండోస్ నుంచి ఒకరు రాసిన ఫైలును ఇంకొకరు దిద్దగలగాలి.

ఆ తర్వాత పెట్టె మూత బిగించి, దాని మీద చీటీ అంటిస్తాను: ‘ఊడ్చే ముందు నన్ను పిలవండి, నేనే జరుపుతాను.’